పేరును పదార్థమును: కఱవుసీమలో శబ్దార్థవిచారము

శబ్దమునకును అర్థమునకును గల సంబంధము స్వాభావికమైనదా, మనుష్యులచే గల్పింపబడినదా యను ప్రశ్న మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మీమాంసకులు, వైయాకరణులు, నైయాయికులు, బౌద్ధులు, ఆలంకారికులు దీనినిగూర్చి వేయేండ్లకు పైగా వాదించిరి. యవనదేశమున ప్లేటో మొదలుకొని యిరువదవ శతాబ్దియందలి యూరోపియను పండితుల వఱకు నిదే ప్రశ్న వేఱువేఱు రూపముల నడుగబడుచు వచ్చినది. అయినను ఇది తర్కము చదువుకొన్నవారి గోష్ఠికి మాత్రమే చెల్లు విషయమనియు, సంసారము నడుపుకొనువారికి దీనితో నేమి పని యనియు లోకమున నొక భావము కలదు. ఆ భావము సరికాదని చూపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము. అనంతపురప్రాంతపు మెట్టభూములలోను దాని పరిసరములలోను వాడబడిన నాలుగు మాటల చరిత్రను పరిశీలించినచో, ఒక మాటకు అర్థ మెవ్వ రిచ్చెద రను ప్రశ్న కొన్నివేళల ప్రాణములతో ముడిపడియుండునని తెలియగలదు. ఆ మాటలు దేవానాంప్రియుడు, సముద్రము, రాయలసీమ, కఱవు.

1. సిద్ధాంతములు

ముందుగా శాస్త్రకారుల మతములను సంగ్రహముగా జెప్పుకొందము.

మీమాంసకుల మతమున శబ్దార్థసంబంధము నిత్యము. జైమిని దానిని ఔత్పత్తికమనెను. అనగా నొకానొక దినమున నొకానొక పురుషుడు కూర్చుండి కల్పించినది కాదని భావము. వేదము అపౌరుషేయమని స్థాపింపగోరినవారికి ఈ సిద్ధాంత మావశ్యకమైనది. మాటకు అర్థము మనుష్యు డిచ్చినదే యైనచో మనుష్యుని భ్రమప్రమాదములు వేదమునకును సోకును గదా! కాని వారి వాదమున మతాభిమాన మొక్కటియే కాక బలమైన యుక్తియు గలదు. మొదటి సంకేతము చేయుటకు సయితము మాటలు కావలెను. ఒక జంతువును జూపి దీని నావని పిలుతము అని చెప్పువానికిని, వినువానికిని, దీనిని, పిలుతము అను పదముల యర్థము ముందే తెలిసియుండవలెను. కావున భాషకు పూర్వమే సభ చేసి భాషను నిర్ణయించినవా రుండిరనుట యూహకు నిలువదని వారి వాదము.

వైయాకరణులలో పతంజలి శబ్దార్థసంబంధము సిద్ధమని యంగీకరించుచు లోకవ్యవహారమునే దానికి సాక్షిగా జూపెను. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి బోయి చేయించుకొనును; మాట కావలసినవాడు వ్యాకరణపండితుని యింటికి బోయి నాకొక మాట చేసి పెట్టుమని యడుగడు. ఈ చిన్న దృష్టాంతమున పెద్ద సత్యమున్నది. వ్యాకరణము మాటలను బుట్టించునది కాదు, లోకమున బుట్టి చెల్లుచున్న మాటలను పరిశీలించునది. మన భాషలో వ్యావహారిక గ్రాంథికవాదములు చెలరేగిన కాలమున ఉభయపక్షములవారును ఈ కుమ్మరిని జ్ఞప్తికి దెచ్చుకొనియుండినచో కొంత వేడి తగ్గియుండెడిది.

నైయాయికులు నిత్యసంబంధము నంగీకరింపరు. నిప్పను మాట పలికినపుడు నోరు కాలదు. కత్తి యనినపుడు నాలుక తెగదు. కావున మాటకును వస్తువునకును సహజమైన ముడి లేదు. ఈ పదమువలన ఈ యర్థము తెలియవలెనను సంకేతమే శక్తి. ఆ సంకేతము ఈశ్వరేచ్ఛ యని ప్రాచీనులును, ఎవ్వరి యిచ్ఛయైనను చాలునని నవ్యులును జెప్పిరి. తెలుగువాడగు అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమువలన ఈ మతము బాలురకు సయితము పరిచితమైనది. ఆ సంకేతమును మనము గ్రహించు మార్గములను ఎనిమిదింటిని న్యాయశాస్త్రమున లెక్కించిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వృద్ధవ్యవహారము, వాక్యశేషము, వివరణము, తెలిసిన పదముతోడి సాన్నిధ్యము. వీనిలో వృద్ధవ్యవహారమే తల్లివేరు. పెద్దవాడొకడు మఱియొకనితో ఆవును దెమ్మనును, వాడు తెచ్చును. ఆవును గట్టుమనును, వాడు కట్టును. గుఱ్ఱమును దెమ్మనును, వాడు గుఱ్ఱమును దెచ్చును. ప్రక్కన నిలిచి చూచుచున్న బాలుడు, ఏ మాట పోయినపుడు ఏ వస్తువు పోయినది, ఏ మాట వచ్చినపుడు ఏ పని వచ్చినది యని పోల్చుకొని భాష నేర్చును. కోశములన్నియు దీని తరువాతివే.

ఈ దృశ్యమును బట్టియే మీమాంసకులలో రెండు తెగలేర్పడినవి. పదములు ముందు తమతమ యర్థములను వేఱువేఱుగా జెప్పును, పిమ్మట అవి కలిసి వాక్యార్థమగునని కుమారిలభట్టు పక్షము. బాలుడు విన్నది విడిపదము కాదు, వాక్యము; చూచినది విడివస్తువు కాదు, ఒక పని; కావున పదము ఇతరపదములతో నన్వయించియే, చేయవలసినదానితో ముడివడియే యర్థము నిచ్చునని ప్రాభాకరుల పక్షము. ఈ రెండవ పక్షమును చదువరులు గుర్తుంచుకొందురుగాక; కఱవును గూర్చి చెప్పునపుడు దీనితో మాకు పని కలదు.

బౌద్ధులు మఱియొక త్రోవ ద్రొక్కిరి. దిఙ్నాగుని మతమున మాట వస్తుస్వరూపమును తాకనే తాకదు. అన్యమును దొలగించుట మాత్రమే చేయును. ఆవనగా ఆవు కానిది కాదని యర్థము. దీనికే అపోహమని పేరు. చీనాయాత్రికుడగు యువాన్ చ్వాంగ్ ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినపుడు వేంగిప్రాంతమున నొక కొండను జూచి, దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథమును రచించినది అచ్చటనే యని వ్రాసినాడు. కావున ఈ సిద్ధాంతము మన నేలకు పరాయిది కాదు.

యవనులలో ప్లేటో తన క్రాటిలస్ అను సంవాదగ్రంథమున పేళ్లు స్వభావసిద్ధములా, ఒడంబడికవలన నేర్పడినవా యని చర్చించెను. ఆంగ్లేయుడగు లాకు 1690లో మాట పలుకువాని మనస్సునందలి భావమునకు గుర్తనెను. స్విట్జర్లాండు దేశీయుడగు సొస్యూరు ఉపన్యాసములు, ఆయన మరణానంతరము 1916లో శిష్యులచే బ్రకటింపబడినవి. గుర్తునకును అర్థమునకును సహజసంబంధము లేదనియు, ప్రతి పదమును ఇతరపదములతోడి భేదమువలననే విలువ గాంచుననియు ఆయన సిద్ధాంతము. మొదటి భాగము మన నైయాయికులను, రెండవ భాగము మన దిఙ్నాగుని స్మరింపజేయును. ఒకరినుండి యొకరు గ్రహించిరని మేము చెప్పుట లేదు. ఒకే చిక్కును శ్రద్ధతో విప్పబూనినవారికి ఒకే కొస దొరకుట వింత కాదు.

2. దేవానాంప్రియుడు

గుత్తికి సుమారు 8 మైళ్ల దూరమున, కర్నూలుజిల్లా పత్తికొండ ప్రాంతమున, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి బండలమీద అశోకుని శాసనములున్నవని 1929 ప్రాంతమున భూగర్భశాస్త్రజ్ఞుడగు అనుఘోష్ కనిపెట్టెను. అందొక చిన్నశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును నడచును. గొల్లలు వానిపై నెండకు జేరబడియుండవచ్చును, పిల్లలు జారుడుబండలుగా వాడుకొనియుండవచ్చును. అక్షరములు మాత్రము రెండువేల రెండువందల యేండ్లనుండి యక్కడనే యున్నవి. చదువగలవారు పోయిన పిదప అవి గీతలైనవి.

ఇచ్చట మీమాంసకుడు కొంచెము చిక్కున బడక తప్పదు. సంబంధము నిత్యమైనచో ఆ గీతలకు అర్థము నడుమ నెందులకు నశించెను? నశింపలేదు, తెలిసినవారు లేరైరి యని యాతడు చెప్పును. 1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని జదువగలిగినపుడు ఆ యర్థము మఱల వెలువడెను గదా యని యాధారమును జూపును. కాని ప్రిన్సెపునకు అక్షరములు తెలిసినను వ్యక్తి తెలియలేదు. శాసనములందు దేవానాంప్రియుడు, ప్రియదర్శి యని యుండెను గాని యితడెవ్వడు? మొదట నాతడు సింహళపురాజని తలచెను. సింహళచరిత్రగ్రంథములను శోధించిన టర్నరు ఇతడు మౌర్యుడగు అశోకుడని చూపెను. 1915లో మస్కిలో దొరకిన శాసనమున అశోకుడను పేరే కనబడినపుడు సందేహము తీఱెను. ఒకే పురుషుని గూర్చిన రెండు పేళ్లు తెలిసియుండుట వేఱు, ఆ రెండును ఒకనివే యని తెలియుట వేఱు. 1892లో జర్మనుపండితుడగు ఫ్రేగె దీనినే విస్తరించి, పేరు సూచించు వస్తువు వేఱు, ఆ వస్తువును మనకు జూపెడు తీరు వేఱు అనెను. వస్తువు మాఱకయే తీరు మాఱవచ్చును. మన శాస్త్రకారులు ఈ తీరునకు దగ్గఱగనే ప్రవృత్తినిమిత్తమను పేరు పెట్టియుండిరి.

ఇంతకంటె విచిత్రము మఱియొకటి గలదు. చక్రవర్తి తన బిరుదముగా బండలపై జెక్కించుకొన్న ఆ దేవానాంప్రియశబ్దమునకే తరువాతి సంస్కృతవ్యాకరణమున మూర్ఖుడను నర్థము స్థిరపడినది. భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముదియందు దాని నా యర్థముననే చదువుదుము. బౌద్ధానుకూలుడగు రాజుపై వైదికులకు గల యనాదరమే దీనికి కారణమని కొంద ఱూహింతురు. కారణమేదైనను కార్యము స్పష్టము. రాతిపై నెంత లోతుగ జెక్కించినను మాట యర్థమును రాజు చెక్కింపలేడు. అక్షరము రాజుది, అర్థము పిమ్మట వాడుకొనువారిది.

3. సముద్రము

తూర్పున బంగాళాఖాతము, పడమట అరేబియాసముద్రము. రెంటికిని దూరముగా, పడమటి కనుమల వెనుకపాటున పడియున్నది అనంతపురపు పీఠభూమి. నైరృతిమేఘములు కనుమలపై గురిసి యిచ్చటికి వచ్చుసరికి వట్టిపోవును; ఈశాన్యమేఘములు కోస్తాను దాటి వచ్చుసరికి చిక్కిపోవును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశమున మిక్కిలి తక్కువ వర్షపాతము గల ప్రదేశములలో నిది యొకటి. ఇట్టి నేలపై ఊళ్ల పేళ్లను జూడుడు: బుక్కరాయసముద్రము, అనంతసాగరము. సముద్రమెన్నడును జూడని సీమలో సముద్రములు!

ఇది కవుల చమత్కారము కాదు. విజయనగరరాజుల కాలమున పెద్దచెఱువునకు సముద్రము, సాగరము అని పేరిడుట వాడుక. కడపజిల్లాలోని పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు 1369లో కట్టించి అనంతరాజసాగరమని పేరిడెను. ఆ చెఱువు శాసనము మన నీటిపారుదలశాస్త్రమున కొక నిధివంటిది. చెఱువునకు వలసిన అంగములు 12, తప్పింపవలసిన దోషములు 6 అందు లెక్కింపబడినవి. వేయిమంది కూలీలు, నూఱుబండ్లు రెండేండ్లు పనిచేసిన సంగతియు నందే కలదు.

ఈ సముద్రశబ్దమునకు చెఱువను నర్థ మెట్లు వచ్చినది? ఆలంకారికులు దీనికి లక్షణ యని పేరిడి మూడు షరతులు చెప్పిరి. ముఖ్యార్థము పొసగకుండవలెను, చెప్పదలచినదానికి ముఖ్యార్థముతో సంబంధముండవలెను, వాడుకగాని ప్రయోజనముగాని కారణమై యుండవలెను. గంగపై పల్లె యని చెప్పినపుడు నీటిమీద నిండ్లు నిలువవు గనుక ఒడ్డని గ్రహింతుము. ఇచ్చటను అట్లే: గట్టు నడుమ గట్టిన నీరు సముద్రము కాదు, విస్తారతచేత సంబంధము గలదు, ఇక ప్రయోజనము, రాజు కీర్తియు, ప్రజల యాశయు. మొదట ప్రయోజనముతో బుట్టిన మాట కాలక్రమమున వాడుకయై, ఇప్పుడు బుక్కరాయసముద్రము పోవు బస్సెక్కువాడు అలలను దలచుకొనడు.

అయినను ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దమున జెప్పిన మూడవ వ్యాపార మొకటి మిగిలియున్నది. అది వ్యంజన. సందర్భమును బట్టి మాట తన యర్థమును దాటి మఱియొకదానిని ధ్వనింపజేయును. నిండిన యేడు సముద్రమనినచో ఆ మాటలో సంతోషము ధ్వనించును. చెఱువు నెఱ్ఱలు వాఱి మేకలు అడుగున మేయుచున్న యేడు సముద్రమెట్లున్నదని యడిగినచో అదే మాటలో దుఃఖము ధ్వనించును. కోశమున ఈ రెండర్థములును లేవు. మబ్బులను బట్టి యర్థము మాఱు మాటలను ఏ కోశకారుడు కూర్పగలడు?

4. రాయలసీమ

పైని రెండు మాటలకును అర్థము మాఱిన దినము చెప్పుట సాధ్యము కాదు. మూడవదానికి సాధ్యము. 1800లో హైదరాబాదు నిజాము, సైన్యవ్యయమునకు బదులుగా, మైసూరుయుద్ధములవలన దనకు లభించిన బళ్లారి కడపప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి విడిచిపెట్టెను. అనంతపురప్రాంతము అందు జేరినది. 1800 మొదలు 1807 వఱకు మన్రో ఇచ్చట కలెక్టరుగా నుండెను. కంపెనీవారు ఈ ప్రదేశమునకు సీడెడ్ జిల్లాలని పేరిడిరి. తెలుగున అది దత్తమండలములైనది. 1882లో బళ్లారినుండి విడదీయబడి అనంతపురము వేఱుజిల్లా యైన పిదపను పెద్దపేరు మాత్రము అట్లే నిలిచినది.

దత్తము, అనగా ఇయ్యబడినది. ఎవ్వరిచే? నిజాముచే. ఎవ్వరికి? కంపెనీకి. అందు నివసించు ప్రజల ప్రసక్తి యా పేరున లేదు. పెండ్లిలో నిచ్చిన ఆవునకు దత్తమను పేరు తగును. లక్షలాది మనుష్యులు వసించు నేలకు తగునా? ఈ బాధ క్రమముగా విద్యావంతుల హృదయముల నాటినది. 1928 నవంబరులో నంద్యాలయందు ఆంధ్రమహాసభతోబాటు జరిగిన దత్తమండల సమావేశమున, అప్పుడు అనంతపురకళాశాలలో నధ్యాపకుడుగా నుండిన చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును ప్రతిపాదింపగా సభ యంగీకరించెను. ఈ గౌరవము చాలకాలము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి జెల్లుచుండెను. పిమ్మటి పరిశోధకులు దానిని నారాయణరావుగారికి జేర్చిరి. ఆంధ్రభాషాచరిత్రమును రచించిన భాషాశాస్త్రజ్ఞుడే ఒక భూభాగమునకు బేరిడుట యుక్తమే గదా.

ఇది నవ్యనైయాయికునికి గొప్ప విజయము. సంకేతమునకు ఈశ్వరేచ్ఛ యక్కఱలేదు, మనుష్యేచ్ఛ చాలునని యాతడు చెప్పినది ఇచ్చట మనకు ప్రత్యక్షము. తేదీ తెలియును, ఊరు తెలియును, మనిషి తెలియును. ఫ్రేగె చెప్పిన భేదమును ఇచ్చట స్పష్టము. నేల యదే; అదే రేగడి, అదే గులకరాయి. కాని ఒక పేరు ఆ నేలను చేతులు మాఱిన సొత్తుగా జూపెను, మఱియొక పేరు దానిని ఒక చరిత్రకు వారసురాలిగా జూపెను. వస్తువు మాఱలేదు, చూపు మాఱినది. చూపు మాఱినందున ఆ నేలయందలి మనుష్యుల నడకయు గొంత మాఱినది.

అయితే నవ్యనైయాయికుడు మితిమీఱి సంతోషింపరాదు. సభ తీర్మానించినంతమాత్రమున మాట చెల్లదు. ఎన్ని సభలు ఎన్ని మాటలను తీర్మానింపలేదు, అవి యెన్ని కాగితములయందే నిద్రింపలేదు! రాయలసీమ యను మాట నిలిచినది పత్రికలు వాడినందున, పాఠశాలలలో బిల్లలు పలికినందున, సంతలో రైతు తనను దాను రాయలసీమవాడనని చెప్పుకొన్నందున. సంకేతము విత్తనము, వ్యవహారము వాన.

ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. పేరు నిలిచిన పిదప దాని యర్థము సంకేతకర్తల చేతిలో నుండలేదు. 1928లో బళ్లారియు ఆ మండలములలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు తప్ప బళ్లారిజిల్లాలోని మిగిలిన భాగమంతయు మైసూరునకు బోయెను. దానితో రాయల రాజధానియగు హంపియు బోయెను. ఇప్పుడు రాయలసీమలో రాయల రాజధాని లేదు. 1565 తరువాత రాజులు తలదాచుకొన్న పెనుగొండ మాత్రమున్నది. ఆ పెనుగొండయు 2022లో అనంతపురముజిల్లానుండి విడివడి శ్రీసత్యసాయిజిల్లాలో జేరినది. వ్యుత్పత్తి నంటుకొనియుండువాడు ఈ పేరు తప్పనును. పంకజమనగా బురదలో బుట్టిన ప్రతివస్తువును కాదు, తామరయే. అట్లే వ్యుత్పత్తి కొంత, రూఢి కొంత కలిసి మాట నిలుచునని యెఱిగినవాడు నవ్వి యూరకుండును.

5. కఱవు

ఇంతవఱకు జెప్పినది వినోదముగ నుండవచ్చును. ఇక జెప్పబోవునది వినోదము కాదు.

కఱవు దేశ్యపదము. అర్థము విశాలము. ఇంట బెరుగునకు గఱవనుదుము, మంచిమాటకు గఱవనుదుము. చాలకాలమునకు వచ్చిన బిడ్డను కఱవుతీఱ జూచుకొంటిననుదుము. కాని సీమలో విశేషణము లేక యీ మాట పలికినచో అర్థమొక్కటే. కఱవులకు సంవత్సరముల పేళ్లు పెట్టి జ్ఞాపకముంచుకొనుట మన ప్రజల పద్ధతి. 1832-33లో గుంటూరుప్రాంతమును నాశనము చేసినది నందన కఱవు. 1876లో బ్రారంభమై దక్షిణదేశమున లక్షలాది జనుల బలిగొన్నది ధాత కఱవు. నందనమనగా ఆనందపెట్టునది; ధాత యనగా పోషించువాడు. శబ్దార్థసంబంధము స్వాభావికమని వాదించువారు ఈ రెండు పేళ్లకును సమాధానము చెప్పుదురుగాక.

ధాత కఱవులో నడిచిన మాటల చరిత్ర మిక్కిలి శోచనీయమైనది. ఖర్చు తగ్గింపుమని భారతప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపులు 1877 జనవరిలో, సహాయపుబనులలో మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు దీనిని గట్టిగా నెదిరించెను. కష్టపడి పనిచేయువానికి ఎంత తిండి చాలునను ప్రశ్న అప్పుడు చాలుననుమాట యర్థమెవ్వరు నిర్ణయింపవలెనను ప్రశ్న యైనది. తిండి పెట్టువాడు ఒక యర్థము చెప్పెను. తినువాని కడుపు మఱియొక యర్థము చెప్పెను. కొన్నినెలలకు కూలి పెంచబడినది గాని అంతలో మట్టియందు గలిసినవారికి ఆ సవరణవలన లాభమేమి?

పిమ్మట సర్ రిచర్డు స్ట్రేచీ యధ్యక్షతను విచారణసంఘము కూర్చుండెను. దాని నివేదికనుబట్టి క్షామనిబంధనలు వెలువడెను. మద్రాసురాజధానికి 1883లో నియమావళి యేర్పడెను. ఇందు మంచి లేదని మేమనము. ఆకలిచే జనులు చచ్చుట ప్రభుత్వమునకు సంబంధించిన విషయమని యొప్పుకొనుటయే గొప్పమార్పు. కాని ఆ నియమావళియందు కొఱత వేఱు, కఱవు వేఱు. ఏ దశ యేదో నిర్ణయించి ప్రకటించు నధికారము ప్రభుత్వముది. ఇచ్చట ప్రాభాకరుల మాట స్మరింపవలెను. పదార్థము చేయవలసిన పనితో ముడివడియుండునని వారు చెప్పిరి గదా. రైతు నోట కఱవనగా వాన లేదు, గింజ లేదు, గడ్డి లేదు. దొర కాగితమున కఱవనగా పనులు తెఱువవలెను, అన్నము పెట్టవలెను, శిస్తు నిలుపవలెను. ఆ మాట పలుకుటయే ఆ బాధ్యతను మీద వేసికొనుట. కావుననే ఆ మాట పలుకుటకు వా రంత వెనుదీసిరి. ఆవును దెమ్మనినచో ఆవును దేవలెను. కఱవని యనినచో గంజి కాపవలెను.

ప్రకటనకు ముందు పరీక్షాపనులను తెఱచుట మఱియొక పద్ధతి. తక్కువ కూలికి, కఠినమైన పని పెట్టుదురు. జనులు దానికిని గుంపులుగ వచ్చినచో కఱవు నిజమని యనుమానము. రానిచో లేదని యనుమానము. ఇచ్చట మాట పోయి గుర్తు వచ్చినది, శబ్దప్రమాణము పోయి లింగము వచ్చినది. రైతు నోటిమాటను నమ్మలేనివారు ఆతని యెముకలను జదువబూనిరి. కాని తర్కసంగ్రహము చదివిన పిల్లవాడైనను ఇందలి దోషమును జెప్పగలడు. పొగ యున్నచోట నిప్పుండును, నిజమే. కాని నిప్పున్న ప్రతిచోట పొగ యుండవలెనను నియమము లేదు. ఎఱ్ఱగ గాలిన యినుపగుండునందు నిప్పు గలదు, పొగ లేదు. అట్లే గుడిసెలో లేవలేక పడియున్న ముసలిదానియందు, చంటిబిడ్డను విడువలేని తల్లియందు, పరువునకు జంకి తలుపు మూసికొన్న కాపు సంసారమున ఆకలి గలదు. పనికి వచ్చువారి వరుసలో వారు లేరు. వరుస చిన్నది గనుక ఆకలి లేదనుట హేత్వాభాసము. ఆ హేత్వాభాసమునకు మూల్యము చెల్లించినది మాత్రము తర్కము తెలియనివారు.

ఇది పరాయిదొరల కాలపు ముచ్చట యని మనము నిశ్చింతగా నుండరాదు. స్వరాజ్యము వచ్చిన పిదప 1963లో మహారాష్ట్రశాసనసభ తమ చట్టములనుండి క్షామమను మాటను తొలగించి దానికి బదులు కొఱతయను మాటను నిలుపుటకు ప్రత్యేకముగా నొక చట్టమునే చేసినది. 2016లో భారతవాతావరణశాఖ తన వర్షవివరణములలో అనావృష్టియను మాటను మాని లోటుసంవత్సరమను మాటను స్వీకరించినది. మాట యొక శాస్త్రమునకు తగినంత నిర్దిష్టముగా లేదని శాస్త్రజ్ఞులు తలచుటలో దప్పు లేదు. వానలెక్క చెప్పువారు వానలెక్కనే చెప్పవలెను. ఆ యేటి కేంద్రప్రభుత్వపు మార్గదర్శిక కరవును మధ్యస్థము, తీవ్రము అని విభజించినది. ఇట్టి విభజనలు లేక సహాయము పంచుట యెట్లని యడుగువారి మాటయు న్యాయమే. మేమడుగునది యొక్కటే. మాట మాఱినపుడు, ఆ మాటతో గట్టుకొన్న బాధ్యత కొత్తమాటను వెంబడించెనా, లేక పాతమాటతోబాటు చెత్తబుట్టలో బడెనా?

6. ముగింపు

మా నిర్ణయమును చెప్పి విరమించెదము. శబ్దార్థసంబంధము నిత్యమను మీమాంసకుడు ఒక విషయమున సరి: భాషలో బుట్టినవా డెవ్వడును దానిని మొదటినుండి కల్పింపలేడు, అది మనకు ముందేయున్న యాస్తి. సంకేతమే శక్తియను నైయాయికుడు మఱియొక విషయమున సరి: రాయలసీమవలె మంచిపేరు పెట్టుకొను స్వాతంత్ర్యము మనకు గలదు. మాట అన్యమును ద్రోయుటచే బ్రదుకునను దిఙ్నాగుడును సరి: కొఱత యనగా కఱవు కానిదని ప్రభుత్వములు చక్కగ గ్రహించినవి. మాట పలుకువాని మనోభావమునకు గుర్తను లాకుమతమును మాత్రము మే మంగీకరింపలేము. మాట యర్థము పలుకువాని మనస్సులో మాత్రమే యున్నచో, రైతు కఱవు రైతుది, అధికారి కఱవు అధికారిది; ఇక వాదించుట కేమియు మిగులదు. అర్థము ఇద్దఱి నడుమ నుండునది గనుకనే ఒకరు మఱియొకరిని నీ మాట తప్పని నిలదీయగలరు.

ఆవును దెమ్మను దృశ్యమున ముగ్గురుందురు: ఆజ్ఞాపించు పెద్ద, పనిచేయు సేవకుడు, చూచు బాలుడు. శాస్త్రకారులు పెద్ద మాటను, బాలుని జ్ఞానమును విచారించిరి. సేవకుడు తెచ్చినందుననే ఆ మాటకు అర్థము సిద్ధించినదని తెలిసియు, వానిని మాట్లాడనిచ్చినవారు లేరు. మన సంఘసంస్కారమంతయు ఈ మూడవవానికి నోరిచ్చుటయే యని చెప్పిన తప్పు లేదు. స్త్రీలకు, కూలీలకు, చదువురానివారికి మాటలు వచ్చును. వారి మాటలు చెల్లుబడి యగుటలేదు.

ఎఱ్ఱగుడి శాసనమున అశోకుడు తన యధికారులకు జెప్పిన పని యొకటి యున్నది. తన యాజ్ఞను జనపదమునకు భేరి మ్రోగించి తెలుపుమనెను. చదువురానివారి చెవికి సయితము రాజశాసనము చేరవలెనని యాతనికి తోచినది. మన కాలమున కరవు మండలముల పట్టిక, పంటబీమా షరతులు, ఉపాధిపనుల కూలిరేట్లు కాగితములపై వెలువడుచున్నవి. వేలిముద్ర వేయువారికి అవి బండమీది గీతలే. ఈ పత్రికను జదువు గృహస్థులలోను గృహిణులలోను చాలమందికి ఆ కాగితములను జదువ శక్తి గలదు. నెలకొకసారి వీథియరుగుపై గూర్చుండి ఇరుగుపొరుగువారికి వానిని చదివి వినిపించి, అందలి మాటలకు వారేమి యర్థము చెప్పెదరో విని, ఆ యర్థమును గ్రామసభలో వ్రాయించుట మనవలన గాని పని కాదు.